పేరిణి వయసెంత?

వరంగల్, హన్మకొండల్లో ప్రభుత్వ సభ ఏది జరిగినా ముఖ్య అతిథి మైకు అందుకునే ముందు వేదిక మీద ఓ పది నిమిషాలు పేరిణి ఉంటుంది. శంఖం మోగుతుంది, మృదంగం అందుకుంటుంది. ఒంటినిండా విభూతి, మెడలో రుద్రాక్షలు, కాళ్లకు గజ్జెలతో యువకులు బారులు కట్టి దూకుతూ వస్తారు. వ్యాఖ్యాత చెప్పే మాట కూడా దాదాపు ఖాయం. ఇది ఎనిమిది వందల ఏళ్ల నాటి కాకతీయుల నృత్యం, సైనికులు యుద్ధానికి బయల్దేరే ముందు శివుడి ఎదుట ఆడిన తాండవం అంటాడు.

ఆ ఒక్క మాటలో మూడు వేర్వేరు సంగతులు ముడిపడి ఉన్నాయి. పేరిణి అన్న పేరు ఒకటి. ఆ పేరుతో పాత గ్రంథాల్లో ఉన్న వర్ణన ఇంకొకటి. ఇవాళ మన కళ్లముందు ఆడుతున్న నాట్యం మూడోది. మొదటి రెండింటికీ ఎనిమిది వందల ఏళ్లున్నాయంటే అందులో అబద్ధమేమీ లేదు. మూడోది మాత్రం 20వ శతాబ్దం రెండో సగంలో పుట్టింది. ఒక ఆధునిక నృత్య బృందం కొత్త రచనకు పూనుకుంటే ఎలా పనిచేస్తుందో, ఇదీ అలాగే తయారైంది. ఈ మాట అంటే మా వైపు చాలామంది నొచ్చుకుంటారు, పేరిణిని తక్కువ చేస్తున్నావంటారు. దాన్ని కూర్చిన నాట్యాచార్యుడు నటరాజ రామకృష్ణ శ్రమనంతా కాకతీయుల ఖాతాలో రాసేయడమే తక్కువ చేయడమని నా అభిప్రాయం.

జాయప రాసిందేమిటి

జాయప సేనాని కాకతీయ గణపతిదేవుడి ఏనుగుల దళానికి అధిపతి. ఓరుగల్లులో పుట్టినవాడు కాదు, కృష్ణ సముద్రంలో కలిసేచోట ఉండే దివిసీమ వాడు. గణపతిదేవుడు దివిసీమను గెలిచి, జాయప తోబుట్టువులు నారాంబ, పేరాంబలను పెళ్లాడాడు, జాయపను తన కొలువులో చేర్చుకున్నాడు. ఆ సేనాని 1253-54లో సంస్కృతంలో నృత్తరత్నావళి పూర్తిచేశాడు. మొత్తం ఎనిమిది అధ్యాయాలు. మొదటి నాలుగూ భరతుడి బాటలో నడిచే మార్గ సంప్రదాయం గురించి, తక్కినవి దేశి గురించి. పుస్తకానికి ప్రాణం ఈ రెండో భాగమే. మార్గం గురించి ఎవరైనా పాత శాస్త్రాలు ముందేసుకుని రాయొచ్చు, దేశి గురించి రాయాలంటే తన కాలంలో జనం ఆడేవాటిని చూసి ఉండాలి. ప్రేంఖణం, రాసకం, చర్చరి, చిందు, కందుకం లాంటి వాటి సరసన పేరణి (మనం ఇవాళ పేరిణి అంటున్నదే) అక్కడ కనిపిస్తుంది.

దాదాపు అదే కాలంలో దేవగిరిలో, యాదవ సింఘణుడి ఆశ్రయంలో, శార్ఙ్గదేవుడు సంగీతరత్నాకరం రాశాడు. అందులోనూ పేరణి ఉంది. అంటే ఇది ఓరుగల్లు ఒక్కదాని సొత్తు కాదు, దక్కన్ అంతటా తెలిసిన ఆట. ఈ గ్రంథాలను బట్టి పేరణి అంటే ప్రధానంగా ఒక నర్తకుడు. ఒంటికి తెల్లటి పూత పూసుకుంటాడు, పిక్కలకు గజ్జెలు గుత్తులుగా కట్టుకుంటాడు, తాళం మీద లయ మీద గట్టి పట్టున్నవాడై ఉంటాడు. అతని ఆటకు అయిదు అంగాలు చెప్పారు. ఘర్ఘరం అంటే గజ్జెల పని. ఏ పాదం ఎలా వేస్తే ఏ మువ్వ ఎంత మోగాలో తెలిసి మోగించడం, దీనిలో మళ్లీ రకరకాలు. విషమం అంటే ఎగరడం, తిరగడం, ఒళ్లు విరుచుకునే కష్టమైన విన్యాసాలు. భావాశ్రయం అంటే వికృత చేష్టలను అనుకరించి నవ్వించడం. నాలుగోది కైవారం, నాయకుణ్ణి పొగడటం. చివరిది గీతం.

ఇంకోసారి చూడండి. గజ్జెల నేర్పు ఉంది, గారడీవాడి ఒడుపు ఉంది, హాస్యం ఉంది, పొగడ్త ఉంది, పాట ఉంది. ఈ అయిదు అంగాల్లో కత్తీ డాలూ ఎక్కడా లేవు, యుద్ధానికి కదులుతున్న సైన్యమూ లేదు. ఈ వర్ణన చదువుతుంటే నా కళ్లకు కట్టేది వీరుడు కాదు, సభను గుప్పిట్లో పెట్టుకునే చతురుడైన వినోదకారుడు.

మరి యుద్ధం కథ ఎక్కడిది? పూర్తిగా గాలిలోంచి రాలేదు. కాకతీయుల ఓరుగల్లులో ఆవేశంతో ఊగిపోయే శైవం ఉండేది. వినుకొండ వల్లభరాయుడి పేరున ఉన్న క్రీడాభిరామంలో మైలారు దేవుడి వీరభటులు ఓరుగల్లులో నిప్పుల్లోకి దూకడం, ఒంటిని హింసించుకునే సాహసాలు చేయడం కనిపిస్తుంది. పాల్కురికి సోమనాథుడి వీరమాహేశ్వరుల వేడి తెలిసిందే. ఆ వీరశైవ వాతావరణాన్నీ, గ్రంథాల్లోని పేరణి అన్న పేరునూ 20వ శతాబ్దపు ఊహ ఒకచోట చేర్చింది. చేర్చిన తీరు అందంగానే ఉంది. కాకపోతే చేర్చింది మనం, అంటే మన కాలం వాళ్లం.

రాతికి కదలిక లేదు

పుస్తకం తర్వాత రెండో సాక్ష్యంగా రామప్పను చూపిస్తారు. ములుగు జిల్లా పాలంపేటలోని ఈ రుద్రేశ్వరాలయాన్ని గణపతిదేవుడి సేనాని రేచర్ల రుద్రుడు కట్టించాడు, శాసనం 1213 నాటిది. రంగమండపం స్తంభాల మీద నర్తకీమణులు, పక్కన మద్దెల వాయించేవాళ్లు. బయట చూరు కింద నల్లరాతి మదనికలు. 2021 జులైలో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరాక అక్కడికి వెళ్లే బస్సులు పెరిగాయి, గైడ్లూ పెరిగారు. వాళ్లలో కొందరు ఈ శిల్పాలన్నీ జాయప పుస్తకం చూసి చెక్కినవే అంటుంటారు. తేదీలు ఒప్పుకోవు. గుడి శాసనం పడిన నలభై ఏళ్లకు పుస్తకం పూర్తయింది. జాయప ఆ శిల్పాలను చూసి రాశాడంటే అడ్డమేమీ లేదు. కానీ ఎదురుగా మనుషులు ఆడుతుండగా ఆయనకు రాతిని చూసి నేర్చుకోవాల్సిన అవసరం ఎంతన్నది వేరే ప్రశ్న.

ఇంకో చిక్కు ఉంది. శిల్పం ఒక భంగిమను ఇస్తుంది. ఆ భంగిమలోకి ఒళ్లు ఎట్లా వచ్చింది, అందులోంచి ఎటు పోయింది, ఎంత కాలప్రమాణంలో పోయింది అన్నది రాతిలో ఉండదు. నాట్యమంతా ఉండేది ఆ మధ్యలోనే. పైగా ఆ స్తంభాల మీద ఎక్కువగా కనిపించేది ఆడవాళ్లు, ఇవాళ్టి పేరిణి శివతాండవమేమో మగవాళ్ల ఆట.

రామకృష్ణ చేసిన పని

పుస్తకంలో లేనిది, రాతిలో దొరకనిది సంప్రదాయ కళల్లో సాధారణంగా గురువు ఒంట్లో ఉంటుంది. నటరాజ రామకృష్ణకు ఈ సంగతి అందరికంటే బాగా తెలుసు. 1923లో ఇండోనేసియాలోని బాలి ద్వీపంలో పుట్టిన ఆయన జీవితమంతా తెలుగువాళ్ల నాట్య సంప్రదాయాలను వెతుక్కుంటూ తిరిగారు. ఆంధ్రనాట్యం విషయంలో ఆయనకు మనుషులు దొరికారు. గుళ్లలో, దర్బారుల్లో ఆడిన కలావంతుల కుటుంబాల వృద్ధ స్త్రీలు అప్పటికింకా ఉన్నారు. వాళ్ల అడుగు, వాళ్ల అభినయం నేరుగా చూసి రాసుకోగలిగారు, శిష్యులకు చూపించగలిగారు.

పేరిణికి అట్లాంటి మనిషి ఒక్కరూ లేరు. 1323లో ఓరుగల్లు పడిపోయింది. ఆ తర్వాత గురువు నుంచి శిష్యుడికి తెగకుండా వచ్చిన పేరిణి వరుస మనకు కనబడదు. పుస్తకం కూడా పండితుల చేతుల్లోంచి బయటికి రావడానికి చాలా కాలం పట్టింది. వి. రాఘవన్ పరిష్కరించిన ప్రతి మద్రాసులో అచ్చయింది 1965లో. రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ తెలుగు అనువాదాన్ని ఆంధ్రప్రదేశ్ సంగీత నాటక అకాడమీ ప్రచురించింది 1969లో. మనం చూసే పేరిణి వేదికలెక్కింది ఆ తర్వాతి దశాబ్దాల్లోనే.

అప్పుడు ఆయన ముందున్నవి శ్లోకాలు, శిల్పాలు, తెలుగు దేశమంతా తిరిగి పోగుచేసుకున్న అడుగులు, తన ఊహ. వాటితో ఆయన తీసుకున్న నిర్ణయాలు చూస్తే మనిషి ధైర్యం తెలుస్తుంది. ఒక్క నర్తకుడి ఆటను బృంద నృత్యంగా మార్చారు. హాస్యాన్ని దాదాపు పక్కన పెట్టేశారు. పాట, పొగడ్తల చోటును మృదంగం జతులకు, శంఖానికి, శివుడి పంచముఖాల శబ్దాలకు ఇచ్చారు. లాలిత్యం ఛాయ లేకుండా, నేలను దద్దరిల్లేలా తొక్కే మగ ఒళ్లను ముందుకు తెచ్చారు. గజ్జెల పనిని, విభూతి పూతను మాత్రం గ్రంథాల్లోంచి నేరుగా తీసుకున్నారు.

వీటిలో ఏ ఒక్కటీ శ్లోకం అర్థం చెప్పుకుంటే దానంతటదే వచ్చేది కాదు. ఏది ఉంచాలి, ఏది వదలాలి, ఎంతమందిని నిలబెట్టాలి, ఏ వేగంతో మొదలుపెట్టి ఎక్కడ ఆపాలి అనేవి నృత్య రచయిత తేల్చుకునే విషయాలు. ఒక పరిశోధకుడు ఇదే సామగ్రితో వ్యాసం రాసి ఊరుకునేవాడు. ఆయన కుర్రాళ్లను పోగేసి చెమటలు పట్టించారు.

మిగతావాళ్లు సంతకం పెట్టారు

ఇట్లా చేసింది ఆయనొక్కరే కాదు. 1936లో రుక్మిణీదేవి కళాక్షేత్ర పెట్టాక భరతనాట్యం ఆహార్యం నుంచి వేదిక దాకా ఎంత మారిందో అందరికీ తెలుసు. ఒడిస్సీకి ఇవాళ్టి కచేరీ క్రమం 1950ల్లో కొందరు గురువులు, పండితులు కలిసి కూర్చుని తేల్చుకున్నదే. మన శాస్త్రీయ నృత్యాలన్నింటికీ ఇప్పుడున్న ముఖం 20వ శతాబ్దంలో దిద్దిందే. వాటికి కనీసం పాత ఒళ్లు కొన్ని దొరికాయి, పేరిణికి అదీ లేదు. అంతే తేడా.

రామకృష్ణకు దగ్గరి పోలిక కావాలంటే నేను ఉదయ్ శంకర్‌ను చూపిస్తాను. లండన్‌లో చిత్రకళ చదువుకుంటున్న కుర్రాడు, ఏ శాస్త్రీయ నృత్యంలోనూ పద్ధతిగా శిక్షణ లేనివాడు, 1923లో రష్యన్ బాలే నర్తకి అన్నా పావ్లోవా పక్కన రాధాకృష్ణులుగా ఆడాడు. తర్వాత దేశానికొచ్చి శిల్పాలు, చిత్రాలు, ఊళ్ల ఆటలు చూసుకుంటూ తిరిగి, 1931లో పారిస్‌లో సొంత బృందంతో వేదికెక్కాడు. 1930ల చివర్లో అల్మోరాలో నేర్పించే కేంద్రం పెట్టాడు. శిల్పాల్లోని భంగిమలకు కదలిక ఇవ్వడం అనే పని ఆయనదీ రామకృష్ణదీ ఒకటే. కానీ ఉదయ్ శంకర్ దాన్ని తన సృష్టిగానే చూపించాడు. నర్తకి చంద్రలేఖ 1985లో భరతనాట్యాన్ని, కేరళ యుద్ధవిద్య కలరిపయట్టును పక్కపక్కన పెట్టి అంగిక అనే రచన చేసినప్పుడు కూడా అది చంద్రలేఖ అంగికే. ఇది వేల ఏళ్ల నాటిదని ఎవరూ మైకులో చెప్పలేదు.

మన దగ్గర సంతకం ఎందుకు చెరిగిపోయింది? దానికి నాకు రెండు కారణాలు కనిపిస్తాయి. సంగీత నాటక అకాడమీ శాస్త్రీయంగా గుర్తించిన నృత్యాలు ఎనిమిది, చివరగా 2000లో అస్సాం సత్రియ చేరింది. ఆ తలుపు తట్టాలంటే ప్రాచీనత చూపించాలన్నది అందరి నమ్మకం. రెండోది 2014. రాష్ట్రం వేరయ్యాక కూచిపూడి ఊరితో సహా అటు ఉండిపోయింది. తెలంగాణకు తనదని చెప్పుకునే నాట్యం ఒకటి కావలసివచ్చింది. కాకతీయ తోరణం రాజముద్రలో ఉన్నప్పుడు కాకతీయుల నాట్యం ముందుకు రావడం సహజమే. అవసరం నిజమైనదే, దానికోసం రామకృష్ణ పేరు చిన్నదై కాకతీయుల పేరు పెద్దదయింది.

అసలు తెగని గొలుసులే కావాలంటే ఉత్తర తెలంగాణలో వాటికి కరువు లేదు. ఆదిలాబాద్ గోండుల గుస్సాడీ ఉంది, మర్లవాయికి చెందిన కనకరాజుకు 2021లో పద్మశ్రీ వచ్చింది. చిందు యక్షగానం ఉంది, జనగామ జిల్లా గడ్డం సమ్మయ్యకు 2024లో వచ్చింది. తండ్రి ఆడగా చూసి కొడుకు ఆడిన ఆటలివి. వీటిని జానపదం అనే గదిలో కూర్చోబెట్టి, గొలుసు తెగిన పేరిణిని శాస్త్రీయం అనే గదిలో కూర్చోబెట్టాలని చూస్తున్నాం. ఈ తిరకాసు గురించి మా దగ్గర ఎవరూ పెద్దగా మాట్లాడరు.

వయసును బట్టి హక్కు

ఇదంతా పండితుల చర్చేగా, ఆడే పిల్లాడికి దీనివల్ల ఏమొస్తుంది అనొచ్చు. డబ్బూ హక్కూ రెండూ దీనిమీదే ఆధారపడతాయి.

1957 కాపీరైట్ చట్టం నృత్యరచనను నాటక కృతుల కోవలో చేర్చింది. అది రాతలోనో మరో రూపంలోనో స్థిరపడి ఉండాలని షరతు. కర్త బతికున్నంత కాలం, ఆయన పోయాక 60 ఏళ్లు రక్షణ ఉంటుంది. రామకృష్ణ 2011 జూన్‌లో కన్నుమూశారు. అట్లా స్థిరపడిన ఆయన రచనలు ఉంటే వాటికి 2071 చివరిదాకా హక్కుందన్నమాట. అదే పేరిణి ఎనిమిది వందల ఏళ్ల నాటిదైతే దానికి కర్తే లేడు. ఎవరైనా ఎక్కడైనా ఆడుకోవచ్చు, ఎవరి పేరూ చెప్పనక్కర్లేదు, రామకృష్ణ తర్వాత శిష్యులు కూర్చిన కొత్త అంశాలకు కూడా పేరు దక్కదు. ప్రాచీనత అని మనం మురిసిపోతున్నది చట్టం దృష్టిలో అనాథత్వం.

పక్క రాష్ట్రం కర్ణాటకలో ఈ తగువు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. కన్నడ రచయిత శివరామ కారంత్ సంప్రదాయ యక్షగానాన్ని తనకు నచ్చినట్టు మలచి యక్షగాన బ్యాలే తయారుచేశారు. ఆయన 1997లో పోయాక హక్కులెవరివని పేచీ వచ్చింది. యక్షగానం ఏ ఒక్కరిదీ కాకపోయినా కారంత్ కొత్తగా కూర్చింది ఆయన కృతే అనీ, వీలునామా ప్రకారం దాని హక్కు వారసురాలికి చెందుతుందనీ 2009లో తేలింది. చదువు చెప్పడం వంటి అవసరాలకు చట్టం ఇచ్చే మినహాయింపులు వర్తిస్తాయని కూడా కోర్టు చెప్పింది. పాత ఆట అందరిదీ, కొత్త కూర్పు కూర్చినవాడిదీ. పేరిణికి ఈ గీత ఇంతవరకూ ఎవరూ గీయలేదు.

బృందం అంటే ఏమిటి

పేరిణి నేర్చుకునే చోట్లున్నాయి. వరంగల్‌లోనే విద్యారణ్య ప్రభుత్వ సంగీత నృత్య కళాశాల ఉంది. ఆడటానికి హన్మకొండలో నేరెళ్ల వేణుమాధవ్ కళాప్రాంగణం ఉంది, 2024లో కాళోజీ కళాక్షేత్రం కూడా తెరిచారు. లేనిదల్లా బృందం. సభకోసం నలుగురిని ఫోన్లు చేసి పిలిపించి జత చేయడం కాదు నేనంటున్నది. రోజూ పొద్దున అందరూ కలిసి సాధన చేసేది, నెల తిరిగితే జీతం ఇచ్చేది, పది పదిహేను రచనలు ఎప్పుడంటే అప్పుడు ఆడగలిగేలా నిల్వ ఉంచుకునేది, ఏటా ఒక కొత్తది కట్టేది.

న్యూయార్క్ నృత్య రచయిత మెర్స్ కనింగ్‌హామ్ 1953లో పెట్టిన బృందం మొదట్లో ఒక చిన్న వ్యానులో ఊళ్లు తిరిగింది. 1964 ప్రపంచ యాత్రలో మన దేశానికీ వచ్చింది. ఆయన 2009లో పోయారు. పోయేముందే, తన తర్వాత ఏం చేయాలో ఒక పథకం తయారై ఉంది. దాని ప్రకారం బృందం రెండేళ్లు చివరి యాత్ర చేసి, 2011 డిసెంబర్ 31న ఆఖరి ప్రదర్శన ఇచ్చి మూతపడింది. రచనలు మాత్రం పోలేదు. ఒక్కో నృత్యానికి వీడియోలు, ఆయన చేతిరాత నోట్సు, సంగీతం, దీపాల అమరిక, దుస్తుల వివరాలు అన్నీ కలిపి ఒక్కో మూటగా కట్టి పెట్టారు. ఎక్కడి బృందమైనా అనుమతి తీసుకుని, పాత నర్తకుల దగ్గర నేర్చుకుని ఆడొచ్చు. రామకృష్ణ పోయింది కూడా ఆ 2011లోనే. మన దగ్గర ఆయన పేరిణి ఉన్నది కళాకృష్ణ లాంటి శిష్యుల ఒళ్లల్లో, వాళ్ల శిష్యుల ఒళ్లల్లో. ఒకరు నేర్పే అడుగు ఇంకొకరు నేర్పే అడుగుతో కలవకపోతే ఏది సరైనదో తేల్చేది ఎవరు? అందరూ జాయప పేరే చెప్తారు. జాయప అయితే వాళ్లు వేసే అడుగు చూడలేదు.

ప్రభుత్వం కళాకారులకు జీతాలివ్వలేదా అంటే ఇచ్చింది. తెలంగాణ సాంస్కృతిక సారథిలో 550 మందిని తీసుకుంది. ఉద్యమకాలపు ధూంధాం నుంచి వచ్చిన పాటగాళ్లు, ఆటగాళ్లు వాళ్లు. పథకాల ప్రచారం ప్రధానమైపోయింది, అది వేరే కథ. జీతమిచ్చే బృందం మన రాష్ట్రంలో అసాధ్యం కాదని మాత్రం అది రుజువు చేసింది. అందులో ఇరవై మంది ఖర్చుతో ఒక పేరిణి బృందం నడుస్తుంది. నడిస్తే పది నిమిషాల స్వాగత నృత్యం దాటి గంటన్నర నిలబడే రచన వస్తుంది. జాయప చెప్పిన ఆ నవ్వించే అంగాన్ని ఎవరైనా మళ్లీ తెస్తే చూడాలని నాకు ఎప్పటినుంచో ఉంది.

ఇప్పుడు ఆడపిల్లలు పేరిణి లాస్యం ఆడుతున్నారు. గ్రంథంలో పేరణి మగవాడు కదా, ఇదెక్కడిదని కొందరు ముఖం చిట్లిస్తున్నారు. మగపిల్లలు ఆడుతున్నదాన్ని కూడా అదే గ్రంథంతో కొలిస్తే సగం నిలవదు కాబట్టి ఆ అభ్యంతరానికి బలం లేదు. పైగా ఆ గ్రంథం అంత బిగుసుకుని కూర్చున్నది కాదు. గౌండలి అనే దేశి నృత్యం ఎలా పుట్టిందో జాయప స్వయంగా రాశాడు. కల్యాణ నగరంలో భూతమాత ఉత్సవంలో భిల్ల వేషం వేసుకుని ఆడుతూ పాడుతున్న ఒకామెను చాళుక్య సోమేశ్వరుడు చూశాడట. ముచ్చటపడి, దాన్నుంచి ఆ నృత్యాన్ని తనే కూర్చాడట. కూర్చినవాడి పేరు, చూసిన ఊరు, చూసిన పండుగ అన్నీ చెప్పాడు జాయప. ఆడినామె పేరు మాత్రం రాయలేదు.